నాలుగు మోతలు, ఐదు వేళ్లు

మెదక్‌లో ఒక మనిషి మీద తొమ్మిదేళ్లుగా ఒక మాట నడుస్తోంది. ఆయనకు ఓపిక లేదని, లెక్క సరిపోకుండానే బావిలోకి దిగాడని, చేసుకున్నదానికి అనుభవించాడని. ఆయన బండలు పేల్చే పనివాడు. ఆ మాట పుట్టాక ఆయన్ను మళ్లీ ఎవరూ పనికి పిలవలేదు. ఆ మాట పుట్టింది నా నోట్లో. అది అబద్ధం.

నాకు పట్టణంలో మోటార్లు, పైపులు అమ్మే కొట్టు ఉంది. ఎల్దుర్తి పోయే దారిలో, ఊరు దాటగానే రెండెకరాల పొలం, అందులో మా నాన్న తవ్వించిన బావి ఉన్నాయి. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. రెండు బోర్లు వేస్తే దుమ్మే లేచింది. పాత బావినే లోతు చేద్దామనుకుంటే అడుగున పరుపు బండ తగిలింది. కంప్రెషర్ ట్రాక్టర్ ఉన్న ఒక పటేల్‌ను మాట్లాడుకున్నాను. కుల్చారం వైపు వ్యవసాయ కుటుంబం ఆయనది, నాకంటే పదేళ్లు పెద్ద. ట్రాక్టర్ ఆయనదే గానీ పని చేసేది మాత్రం చాచా. బండకు బొక్కలు వేయడం, మందు దట్టించడం, వత్తులు అంటించడం అన్నీ ఆయనే చేసేవాడు. ఊళ్లో అందరికీ ఆయన చాచానే.

చాచా పని పద్ధతి చెప్పకపోతే జరిగింది అర్థం కాదు. ఆయన వత్తులన్నీ ఒకే పొడవు కోసేవాడు కాదు. మొదటిది చిన్నది, తర్వాతది దానికంటే నాలుగు వేళ్లు ఎక్కువ, ఆ తర్వాతది ఇంకో నాలుగు వేళ్లు. అన్నీ ఒక్కసారి మోగితే బండ పగులుతుంది గానీ లెక్క పోతుంది. ఒకదాని వెనక ఒకటి మోగితే బయట నిలబడ్డ మనిషి లెక్కపెట్టగలడు. ఐదు అంటిస్తే ఐదు మోతలు వినపడాలి. వినపడితే దిగొచ్చు. ఒక్కటి తగ్గినా లోపల ఒక వత్తి ఇంకా కాలుతూ ఉండొచ్చు, ఎవరూ దగ్గరికి పోకూడదు.

ఏళ్ల తరబడి ఆ మోతల మధ్య పనిచేసి చాచాకు చెవులు మందగించాయి. పేలుళ్ల తర్వాత కాసేపు అసలేమీ వినపడేది కాదు. అందుకే లెక్కకు ఇంకో మనిషి కావాలి. ఆ మనిషి ఎన్ని మోతలు విన్నాడో చెయ్యి ఎత్తి వేళ్లతో చూపించాలి. రోజూ లెక్కకు నిలబడే అతను ఆ పొద్దు రాలేదు.

"నేను నిలబడ్త చాచా" అన్నాను.

చాచా నన్ను కిందికీ మీదికీ చూశాడు. "సేటు, మీ కొట్ల గిరాకీ ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరికి బిల్లు రాస్తరు. గిది గట్ల గాదు. రెండు చెవులు గిక్కడనే ఉండాలె."

"ఐదు దాక లెక్కపెట్టుడు నాకు రాదా?"

"వస్తది. గని జర డౌటున్నా వేళ్లు చూపకుండ్రి. పిడికిలి చూపుండ్రి." పిడికిలి బిగించి చూపించాడు. "పిడికిలి లేచిందంటే సద్ది తినేదాక ఎవ్వరు జాగ నుంచి కదలరు. నేను కోపం జెయ్య. పటేల్ చేస్తడు, చేయనియ్యి."

ట్రాక్టర్ దగ్గరున్న పటేల్ విని నవ్వాడు. "చాచా సద్ది మీదున్న ధ్యాస పని మీద ఉంటే, గీ బావి ఎప్పుడో అయిపోతుండె."

చాచా ఐదు వత్తులూ అంటించి, మెట్లెక్కి, ఈల వేసి, బావిలోంచి తీసిన మట్టి కుప్ప వెనకకు ఉరికాడు. పటేల్, ఇద్దరు కూలీలు దూరంగా ట్రాక్టర్ చాటున ఉన్నారు. ఇంజను ఆపలేదు కాబట్టి వాళ్లకు మోతల లెక్క తెలియదు. నేను పంపుషెడ్డు గోడ వెనక, చాచాకు కనిపించేలా నిలబడ్డాను.

మొదటి మోత అరికాళ్లకు ముందు తెలిసింది, చెవులకు తర్వాత. ఆ వెంటనే పొలానికి ఎదురుగా ఉన్న బోడి గుట్ట దాన్ని తిరిగి పంపింది. ఒకటి. ఊపిరి పీల్చి వదిలేంత వ్యవధి. రెండోది. గుట్ట జవాబు. రెండు.

అప్పుడు నా చొక్కా జేబులో ఫోను వణికింది.

పాపన్నపేట నుంచి ఒక రైతు మోటారు కోసం వచ్చి కొట్టు ముందు ఎదురు చూస్తున్నాడని నాకు తెలుసు. ఫోను తియ్యలేదు. తల వంచి జేబు వైపు చూశాను, అంతే. సరిగ్గా అప్పుడు మూడోది మోగింది. అది మొదటి రెండింటిలా లేదు. మందంగా, సాగినట్టు ఉంది. రెండు కలిసి మోగాయా, గుట్ట జవాబు దాని మీద పడిందా, తేల్చుకునేలోపే ఇంకొకటి మోగింది. నాలుగు. ఆ తర్వాత ఏమీ లేదు.

నేను ఐదోదాని కోసం ఆగాను. చాలాసేపు ఆగాననే అప్పుడు నాకు అనిపించింది. బావి మీద లేచిన దుమ్ము ఒక పక్కకు ఒరిగి, పలచబడి, దాని వెనక ఉన్న తుమ్మ చెట్టు మళ్లీ కనిపించడం చూశాను. జేబులో ఫోను ఆగిపోవడం తెలిసింది. ఇంతసేపు రాని మోత ఇక రాదనుకున్నాను. రాదంటే ముందే వచ్చేసి ఉండాలి. ఎప్పుడు? మూడోదానితో. అందుకే అది అంత మందంగా ఉంది. ఆ ఆలోచన ఎంత తేలిగ్గా కుదిరిందంటే, అది నేను అల్లుకున్నదని అనిపించనే లేదు. విన్నట్టే అనిపించింది.

చాచా మట్టి కుప్ప వెనక నుంచి తల ఎత్తి, అరచెయ్యి తిప్పి ఎన్ని అని అడిగాడు.

నేను చెయ్యెత్తి ఐదు వేళ్లూ చాచాను.

ఆయన వెంటనే లేవలేదు. ఇది నేను రాసి తీరాలి. ఓపిక లేనివాడని ఊరంతా అన్న మనిషి లేవలేదు. మళ్లీ అరచెయ్యి తిప్పాడు. నేను మళ్లీ ఐదు వేళ్లు చూపించాను. ఈసారి చెయ్యి ఇంకా పైకెత్తాను. పిడికిలి సంగతి నాకు గుర్తుంది. కానీ ఐదు దాకా లెక్కపెట్టలేవా అని పటేల్ నవ్వుతాడని కూడా గుర్తుంది.

చాచా లేచి బావి వైపు నడిచాడు. నేను ఫోను తీసి ఎవరు చేశారో చూస్తున్నాను. అప్పుడు ఐదోది మోగింది. దాని గురించి మాత్రం నాకు ఏ అనుమానమూ లేదు.

చాచా ఇంకా పై మెట్ల మీదే ఉన్నాడు కాబట్టి బతికాడు. ఎడమ చేతికి బొటనవేలు, చిటికెన వేలు మిగిలాయి. ఎడమ చెవి పూర్తిగా పోయింది. మెదక్ దవాఖానలో కట్లు కట్టి హైదరాబాదు పంపారు.

వారం తర్వాత పటేల్ ఆయన్ను చూసి, తిన్నగా నా కొట్టుకు వచ్చాడు. కూర్చోలేదు.

"తమ్మీ, నిజం చెప్పు. నువ్వు ఐదు చూపినవంటుండు చాచా. ఎన్ని చూపినవ్?"

ఆ ప్రశ్నకూ నా జవాబుకూ మధ్య ఎంత వ్యవధి ఉందో నాకు తెలియదు. కేసవుతుందా, ఆయన పిల్లలు వచ్చి కొట్టు ముందు కూర్చుంటారా, నలుగురిలో తల ఎలా ఎత్తుకోను, ఇవన్నీ ఆ సందులో పట్టాయి.

"నాలుగు" అన్నాను.

"నాలుగా?"

"నాలుగే, పటేలా. బొటనవేలు ముడిచే పెట్టిన."

బొటనవేలి సంగతి ఆయన అడగలేదు. నేనే కలిపాను.

పటేల్ తల ఊపాడు. ఆ రోజు నా చెయ్యి లేవడం ఆయన దూరం నుంచి చూశాడు గానీ వేళ్లు కనిపించే దూరం కాదు. "నాకు తెలుసు. సద్ది సద్ది అంటడు గని, లోపట తొందర మనిషి" అన్నాడు. తొందర మనిషి అన్న ఆ మాటే తర్వాత ఊరంతా తిరిగింది.

చాచా నాతో పోట్లాడలేదు. నేను భయపడింది ఆ పోట్లాటకే. ఇంటికి తిరిగొచ్చాక బస్టాండ్ దగ్గర బండి మీద ఉడకబెట్టిన గుడ్లు అమ్ముకోవడం మొదలుపెట్టాడు. నేను ఎదురుపడితే కుడి చెయ్యి ఎత్తి సలాం చేసేవాడు. "సేటు, ఖైరియతేనా?" అనేవాడు. నేను ఆ దారి మానేసి చుట్టు తిరిగి పోవడం నేర్చుకున్నాను.

ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నది వేరు. నా చెవులు మంచివి కావని, అందుకే పొరపాటు జరిగిందని చెప్పుకునేవాణ్ని. నిరుడు చెవుల డాక్టరు దగ్గరికి పోయాను. లోపం ఉందని ఆయన చెప్తే బాగుండునని పోయాను. పెట్టెలాంటి గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, సన్నని శబ్దాలు వినిపించి, బయటికొచ్చి చెప్పాడు.

"మస్తుగ ఉన్నయి మీ చెవులు. ఏం పరేషాన్ అవసరం లేదు."

"మరి రెండు చప్పుళ్లు దగ్గర దగ్గరగ వస్తే ఒక్కటిగ వినపడుడు ఉంటదా, సార్?" అన్నాను. ఎందుకు అడుగుతున్నానో చెప్పలేదు.

ఆయన చాలా ఓపికగా చెప్పాడు. వెలుతురు చూడ్డానికి కన్ను ఉన్నట్టు కాలాన్ని చూడ్డానికి మనకు ప్రత్యేకంగా ఏ అవయవమూ లేదట. చెవి పట్టుకున్నదాన్ని మెదడు మూట కడుతుందట. రెండు చప్పుళ్లు మరీ దగ్గరగా వస్తే ఒకే మూటలో వేసేస్తుంది. అసలు చప్పుడును గోడ వెంటనే తిప్పి పంపితే ఆ రెండూ ఒకటే అనుకుంటుంది. కాస్త ఆలస్యమైతే రెండుగా వినిపిస్తుంది. ఆ సమయంలో ధ్యాస వేరేచోట ఉంటే ఏ మూట ఎక్కడ కట్టిందో దానికే సరిగ్గా గుర్తుండదు. "గుర్తులేని చోట ఊహించి నింపుతది" అన్నాడు. "ఊహించిన్నని మీకు చెప్పదు. విన్నరనే చెప్తది."

ఆ మాట నాకు ఎంత హాయిగా తగిలిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది. కొట్లో గిరాకీ లేని మధ్యాహ్నాలు రెండు ఇనుప నట్లు తీసుకుని బల్ల మీద ఒకదాని వెంట ఒకటి కొట్టి, ఫోనులో రికార్డు చేసుకునేవాణ్ని. తెర మీద గీతలు రెండు కనిపించేవి. చెవికి ఒక్కటే. ఇంకొంచెం ఎడంగా కొడితే రెండయ్యేవి. ఎక్కడ ఒకటి రెండవుతుందో ఆ అంచు కోసం వెతికాను. మా ఆవిడ చూసి, "దుకాణం పెట్టుకున్నవా, బ్యాండు పెట్టుకున్నవా?" అంది. నట్లు డబ్బాలో వేసేశాను.

కానీ ఆ అంచు నన్ను కాపాడలేదు. ఆ రోజు నేను చాలాసేపు ఆగానన్నది నాకు ఇంకో ఆసరాగా ఉండేది. దుమ్ము ఒరిగి చెట్టు కనిపించేదాకా ఆగాను కదా. ఆగింది ఎంతసేపో పాత ఫోను చెప్పింది. డబ్బాలో పడేసిన దాన్ని ఛార్జింగ్ పెట్టి చూశాను. పాపన్నపేట రైతు చేసిన మిస్డ్ కాల్‌కూ, నేను అంబులెన్సుకు చేసిన కాల్‌కూ మధ్య రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లోనే మూడో మోత, నాలుగోది, నేను ఎదురు చూడడం, చాచా రెండుసార్లు అడగడం, ఆయన నడిచి మెట్లు దిగడం, ఐదోది, మేమంతా అరుచుకుంటూ ఉరకడం. నేను చాలాసేపనుకున్నది ఒక అర నిమిషం కూడా ఉండి ఉండదు. ఎదురుచూసే మనిషికి కాలం సాగుతుందని డాక్టరు చెప్పనవసరం లేదు, బస్సు కోసం నిలబడ్డ ఎవరికైనా తెలుసు. ఆ సాగిన కాలాన్ని నమ్మి నేను మనిషిని బావిలోకి పంపాను.

అక్కడిదాకా పొరపాటే. బొటనవేలు ముడిచి పెట్టానన్నప్పుడు ఏ గుట్టా జవాబివ్వలేదు, ఏ ఫోనూ వణకలేదు.

అయినా నోరు విప్పలేదు. మొన్న పటేల్ పైపుల కోసం కొట్టుకు రాకపోతే ఎప్పటికీ విప్పేవాణ్ని కాదేమో. ఆయనకిప్పుడు మూడు ట్రాక్టర్లు. ఫిట్టింగులు ఏరుకుంటూ మాట్లాడుతున్నాడు.

"కొత్త పోరలొచ్చిండ్రు తమ్మీ, వత్తి గోసుడు గూడ రాదు. మీద నిలబడి చూసెటోడు గావాలె. ఎవరు దిగాల్నో, ఎప్పుడు దిగాల్నో చెప్పెటోడు. చాచా వచ్చి అడిగిండు నిన్న."

నా చేతిలోని బిల్లు పుస్తకం బల్ల మీద పెట్టాను. "ఏమన్నవ్?"

"వద్దన్న. వేళ్లు పోయినందుకు గాదు, దానికి చెయ్యెందుకు. నాలుగు చూపితే ఐదు చూసిన మనిషి ఆయన. పోరల పానం ఆయన చేతుల ఎట్ల పెడ్త? ఎల్దుర్తిలొకాయన ఉన్నడు. గిప్పుడే పోయి మాటిస్త."

ఆయన బిల్లు కట్టాడు. పైపులు ఆటోలో వేయించాడు. నేను చూస్తూ నిలబడ్డాను. చెప్పు అనుకుంటూనే ఉన్నాను. తన మోటారు సైకిల్ ఎక్కి తాళం తిప్పాడు. ఇండికేటర్ వేశాడు. అది టిక్కు టిక్కుమంటూ వెలిగి ఆరుతోంది. ఒక్కొక్క టిక్కుకూ మధ్య ఎంత జాగా ఉందో, అందులో ఎన్ని మాటలు పడతాయో నాకు అప్పుడు తెలిసింది.

"పటేలా, ఆగు!"

"ఏంది? చిల్లర తక్కువిచ్చిన్నా?"

"ఐదు చూపిన."

"ఏం ఐదు?"

"ఆ పొద్దు. చాచాకు నేను ఐదే చూపిన. రెండుసార్లు అడిగిండు. రెండుసార్లు ఐదే చూపిన. నీకు నాలుగని అబద్ధం చెప్పిన."

పటేల్ బండి ఆపాడు. స్టాండు వేయడం మరిచిపోతే బండి ఒరిగింది, నేనే పట్టుకున్నాను. ఆయన నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు.

"తొమ్మిదేండ్లు" అన్నాడు. "నా వాకిట్ల నిలవెట్టి తిట్టిన ఆయన్ని. నా పెండ్లాం ముంగట. నా మనుమలు జూస్తుండంగ." బండి నా చేతుల్లోంచి తీసుకుని, "ఎక్కు" అన్నాడు.

చాచా ఇల్లు సన్నని గల్లీలో ఉంది. సాయంత్రం నల్లా వచ్చే వేళ. గల్లీలో బిందెల వరుస, ఆడవాళ్లు. చాచా గడప మీద కూర్చుని రేపటి బండికి ఉప్పు, కారం పొట్లాలు కడుతున్నాడు. కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ఆయన్ను నేను అద్దాలతో దగ్గరగా చూడడం అదే మొదలు.

"సేటు! మా గల్లీల?" అని లేవబోయాడు.

నేను చెప్పడం మొదలుపెట్టాను. మెల్లగా చెప్పాను.

ఆయన కుడి చెవి నా వైపు తిప్పాడు. "జర గట్టిగ చెప్పుండ్రి సేటు. ఎడమది లేదు, కుడిది సగమే."

గట్టిగా చెప్పాను. మళ్లీ అర్థం కాలేదు. ఇంకా గట్టిగా, దాదాపు అరిచి చెప్పాను. "నేను ఐదు చూపిన, చాచా! నువ్వు సరిగనే చూసినవ్! అబద్ధం నాది!" నల్లా దగ్గర మాటలు ఆగిపోయాయి. బిందెలోకి నీళ్లు పడే చప్పుడొక్కటే వినిపించింది.

చాచా అద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"కండ్ల డాక్టరు ఏం లేదన్నడు" అన్నాడు. "మంచిగున్నయన్నడు. నేనే నమ్మలే. నాలుగును ఐదు జూసిన కండ్లు మంచిగెట్లుంటయి అని, అద్దాలు పెట్టాల్సిందే అని కొట్లాడిన. రోడ్డు దాటాలన్నా ఆమె చెయ్యి పట్టుకుంటున్న." గడప లోపల నిలబడ్డ భార్య వైపు తిరిగాడు. "ఇన్నవా? ఐదేనట."

ఆమె నా వైపు చూసింది. లోపలికి పోయింది.

నేను మోతల గురించి చెప్పబోయాను. మూడోది మందంగా రావడం, గుట్ట, ఫోను, మెదడు మూట కట్టడం, డాక్టరు చెప్పినవన్నీ. గుట్ట మాట ఎత్తగానే చాచా చెయ్యి అడ్డం పెట్టాడు.

"గవన్ని ఒద్దు సేటు. గుట్ట మోసం నాకు తెల్వదా? చెవులు గిట్ల చేస్తయనే గద పిడికిలి పెట్టింది."

పటేల్ గడప దగ్గరికి వచ్చాడు. "చాచా, రేపు పొద్దుగాల రా. పోరలు నీ మాటనే ఇంటరు."

"పిడికిలి లేస్తే పని ఆగుతది, పటేలా. సద్ది తినేదాక. మళ్ల నవ్వొద్దు."

"నవ్వ" అన్నాడు పటేల్.

చాచా అప్పుడు నన్ను దగ్గరికి రమ్మన్నాడు. "ఆ పొద్దు ఎట్ల చూపిండ్రో, జర మళ్ల చూపుండ్రి."

గల్లీ అంతా చూస్తోంది. నేను చెయ్యెత్తి ఐదు వేళ్లూ చాచాను. ఆయన అద్దాలు లేకుండానే, కళ్లు చికిలించకుండా, చాలాసేపు చూశాడు. అది నిజంగా చాలాసేపో, నాకే అట్లా అనిపించిందో చెప్పలేను. తర్వాత తన ఎడమ చెయ్యి ఎత్తాడు. మిగిలిన ఆ రెండు వేళ్లతో నా వేళ్లు పట్టుకుని ఒక్కొక్కటే ముడిచాడు. చివరికి బొటనవేలు కూడా ముడిచి, నా పిడికిలిని అట్లాగే పట్టుకున్నాడు.

"గిది చూపాలె, సేటు" అన్నాడు. "గింతే ఉండె."